ఉప్మా రవ్వలో గూళ్లు, గోడ మీద గింజలు

ఈసారి ఉత్తరాలన్నీ చిన్న రెక్కల పురుగుల మీదే వచ్చాయి. వానలు మొదలై గాలిలో తేమ పెరిగిందంటే అటు బెజవాడలోనూ ఇటు గుంటూరులోనూ డబ్బాల మూతలు తీసి ఉలిక్కిపడటం మామూలే. మొదటి ఉత్తరానికి జవాబు పెద్దదైంది. మిగతావాళ్లు ఏమీ అనుకోకండి, సగం సంగతులు అందులోనే దొరుకుతాయి.

ప్రశ్న: మేడమ్ గారూ, నెల సరుకులతో తెచ్చిన బొంబాయి రవ్వ స్టీలు డబ్బాలో పోసి మూత గట్టిగా పెట్టాను. నాలుగు వారాలు కూడా కాలేదు, మొన్న తీస్తే రవ్వ దారాలతో అంటుకుపోయి ఉండలు కట్టింది. లోపల తెల్ల పురుగులు. సాయంత్రం ట్యూబ్‌లైట్ వేయగానే బూడిద రంగు రెక్కల పురుగులు వంటింటి గోడ మీద వాలుతున్నాయి. కొట్టాయన్ని అడిగితే "మా దగ్గర బాగానే ఉందమ్మా, మీ ఇంట్లోనే పట్టి ఉంటుంది" అంటున్నాడు. మా అత్తగారేమో నేను డబ్బాలు సరిగా కడగలేదంటున్నారు. ఇంతకీ తప్పెవరిది? చూసుకోకుండా ఒకసారి ఉప్మా కూడా చేసేశాను. అందరం తిన్నాం. టెన్షన్‌గా ఉంది. – ఒక గృహిణి, సత్యనారాయణపురం, విజయవాడ

జవాబు: ముందు ఆ టెన్షన్ పక్కన పెట్టండమ్మా. మీరు తిన్నది విషం కాదు. ఈ పురుగు కుట్టదు, కరవదు. దాని రెట్టా దారాలూ కలిసిన రవ్వకి ముక్కవాసన వస్తుంది, రుచి చెడుతుంది, ఒంటికి పడనివాళ్లకి తుమ్ములో దురదో రావొచ్చు. ఉప్మా అరిగిపోయే ఉంటుంది, ఇక ఆ మాట మర్చిపోండి.

మీ ఇంటికొచ్చిన అతిథి పేరు కోర్సైరా సెఫలోనికా. 1866లో స్టెయింటన్ అనే ఆంగ్లేయుడు దీన్ని వర్ణించి పేరు పెట్టాడు. మన పుస్తకాల్లో బియ్యపు రెక్కల పురుగు అని రాస్తారు గానీ బియ్యంతో సరిపెట్టుకునే రకం కాదు. రవ్వ, జొన్నలు, సజ్జలు, రాగిపిండి, మొక్కజొన్న, వేరుశనగ గుళ్లు, ఎండు ఫలాలు, ఏది దొరికితే అది. గింజ చితికి నూకో రవ్వో అయి ఉంటే దానికి ఇంకా సుఖం.

ఈ సాయంత్రం గోడ మీద వాలినదాన్ని చీపురుతో కొట్టే ముందు ఒక్కసారి దగ్గరికెళ్లి చూడండి. ఫోన్ కెమెరా జూమ్ చేస్తే చాలు. పొడవు ఒక సెంటీమీటరు, కాస్త అటూ ఇటూ. రెక్కలు విప్పి కూర్చోదు, వెనక్కి మడిచి ఒంటికి చుట్టుకుని గోడకి అతుక్కుంటుంది. రంగు లేత బూడిద కలిసిన గోధుమ. ముందు రెక్కల మీద ఈనెల వెంబడి సన్నటి ముదురు గీతలు తప్ప చుక్కలు గానీ పట్టీలు గానీ ఉండవు. వెనక రెక్కలు పాలిపోయి పల్చగా ఉంటాయి, వాటి అంచున సన్నటి వెంట్రుకల కుచ్చు. ఇప్పుడు తల దగ్గర చూడండి. ముక్కులా సూటిగా ముందుకు పొడుచుకొచ్చినట్టు ఉంటే ఆడది, మొద్దుగా ఉంటే మగది. నిజానికి అది ముక్కు కాదు, నోటి పక్కనుండే స్పర్శాంగాల జత. వేలితో తాకితే బూడిద రంగు పొడి అంటుతుంది. అవి రెక్కల మీది పొలుసులు. రెక్క మొదట్లో లేత రంగు, చివర్లో రాగి రంగు ఉండి రెండు ముక్కలు అతికినట్టు కనిపిస్తే మాత్రం అది వేరే జాతి, ఎండు ఫలాల్లోనూ వేరుశనగల్లోనూ ఎక్కువ. మీరు రాసినదాన్ని బట్టి మీది అది కాదు.

అసలు సంగతి ఏమిటంటే, మీరు చీపురు పట్టుకుని వెంటపడుతున్న ఆ రెక్కల పురుగు మీ రవ్వలో ఒక్క పలుకు తినలేదు. తినాలన్నా తినలేదు, దాని నోరు తిండికి పనికిరాదు. వారం, మహా అయితే రెండు వారాలు బతుకుతుంది. ఆ కాస్త బతుకూ పురుగుగా ఉన్నప్పుడు తిని ఒంట్లో దాచుకున్నదాని మీదే. రెక్కలొచ్చాక దానికి ఉన్న పని పెళ్లి, గుడ్లు, అంతే. మగది ఆడదాన్ని పిలవడానికి శబ్దం కూడా చేస్తుంది. మన చెవికి అందనంత హెచ్చు స్థాయి కాబట్టి వంటింట్లో అంత సందడి జరుగుతున్నా మనకి తెలియదు.

ఆడది నూటికి పైగానే గుడ్లు పెడుతుంది, చాలావరకు మొదటి మూడు నాలుగు రాత్రుల్లోనే. తిండి మీదే పెట్టాలని లేదు, సంచి కుట్టు దగ్గర, డబ్బా మూత అంచున, షెల్ఫు పగుళ్లలో ఎక్కడైనా పెడుతుంది. గుడ్డు పొడవు అర మిల్లీమీటరు, రంగు ముత్యపు తెలుపు. అదీ బొంబాయి రవ్వలో పడితే! కళ్లజోడు పెట్టుకుని చాటలో చెరిగినా మనం పట్టుకోలేం. మన ఎండలకి నాలుగైదు రోజుల్లో పొదుగుతుంది.

బయటికొచ్చిన పిల్లపురుగు వెంట్రుక మందం ఉంటుంది. మరచుట్ల మూత సందులోంచి కూడా దూరగలదు. కాస్త పెద్దదైతే పల్చటి ప్లాస్టిక్ కవర్ని కొరికి లోపలికి పోతుంది. మొదటి రోజు నుంచే నోటి దగ్గర్నుంచి పట్టుదారం తీస్తూ, చుట్టూ ఉన్న పలుకుల్ని ఆ దారంతో అంటించి గొట్టంలా గూడు కట్టుకుంటుంది. తినేదీ తిరిగేదీ రెట్ట వేసేదీ అందులోనే. మీరు చూసిన ఉండలు అవే. ఒక ఉండని తీసి తెల్ల కాగితం మీద పెట్టి పుల్లతో విప్పి చూడండి. దారం ఎంత గట్టిగా ఉంటుందో, రవ్వ పలుకులు ఒక్కొక్కటిగా రాలవు, పొరలు పొరలుగా ఊడతాయి. లోపల మీగడ రంగు పురుగు, గోధుమ రంగు తల. ఛాతీ దగ్గర మూడు జతల అసలు కాళ్లు, నడుము కింద మెత్తటి బుడిపె కాళ్లు. పూర్తిగా ఎదిగితే ఒకటిన్నర సెంటీమీటర్లు. ముట్టుకుంటే వెనక్కి కూడా అంతే జోరుగా నడుస్తుంది.

ఈ దశ మూడు నుంచి అయిదు వారాలు. మీ సరుకు తినేదంతా ఈ వారాల్లోనే. తర్వాత తిండి మానేసి, ఆ ఉండలోనో లేక బయటికొచ్చి మూత అంచునో షెల్ఫు మూలనో తెల్లటి దిట్టమైన పట్టుగూడు అల్లుకుని ప్యూపాగా మారుతుంది. పది రోజులు అటూ ఇటూ అయ్యాక రెక్కలతో బయటికొస్తుంది. గుడ్డు నుంచి రెక్కల దాకా మొత్తం 33 నుంచి 52 రోజులని పుస్తకాల లెక్క. వేడిలో తొందరగా, చలిలో నిదానంగా.

ఇక పంచాయితీకి వద్దాం. మీ రవ్వకి నాలుగు వారాలు. అందులో ఉన్నవి ఇంకా పురుగులే, రెక్కలు రాలేదు. మరి గోడ మీద వాలుతున్నవి ఎక్కడివి? వాటి గుడ్లు పెట్టి నెల పైమాటే అయి ఉండాలి. కాబట్టి అవి ఈ రవ్వలోంచి వచ్చినవి కావు. మీ వంటింట్లో ఇంకెక్కడో పాత సరుకు ఒకటుంది. కొస వరకు వాడని రాగిపిండి పొట్లం, అటక మీది నూకల సంచి, సంక్రాంతికి అరిసెలు వండగా మిగిలిన బియ్యప్పిండి, పిచ్చుకలకి వేద్దామని దాచిన జొన్నలు, ఇలాంటిదేదో. అది వెతికి పట్టుకోనంత కాలం మీరు రవ్వ ఎన్నిసార్లు పారబోసినా లాభం లేదు. కొట్టాయన్ని పూర్తిగా వదిలేయమని కాదు, మిల్లులోనో గోడౌన్‌లోనో గుడ్లు పడి రావడం కూడా మామూలే. కానీ ఈ కేసులో ఆయన మీద అనుమానమే తప్ప సాక్ష్యం లేదు. అత్తగారికి నా మాటగా చెప్పండి: డబ్బా కడగడం కన్నా, అడుగున గుప్పెడు పాతది ఉంచి దాని మీదే కొత్తది గుమ్మరించే అలవాటు ప్రమాదం. కడిగిన డబ్బా తడి ఆరకుండా సరుకు పోయడం ఇంకా ప్రమాదం.

పురుగు పట్టిన రవ్వని మూట కట్టి వెంటనే బయట పారేయండి, వంటింటి చెత్తబుట్టలో ఒక రాత్రి ఉంచినా నాలుగు పురుగులు గోడెక్కుతాయి. షెల్ఫు మూలలు, పేపరు కింద, మూతల అంచులు చూసి పట్టుగూళ్లు గోకి తీయండి. కొత్త రవ్వ తేగానే మన అమ్మలు చేసినట్టు మూకుట్లో దోరగా వేయించి, చల్లారాక డబ్బాకెత్తండి. 60 డిగ్రీల వేడి దాటితే గుడ్డు, పురుగు ఏదీ బతకదు, మూకుడు వేడి దానికి ఎన్నో రెట్లు. రాగిపిండి లాంటివి వేయించడం కుదరకపోతే డీప్ ఫ్రీజర్లో నాలుగు రోజులు ఉంచి తీయండి. వేపాకు, బిర్యానీ ఆకు వేస్తే వేయండి, మీ తృప్తి. వాటిని నమ్ముకుని నెలల తరబడి మూత తీయకుండా మాత్రం ఉండకండి.

ఇంకో మాట గట్టిగా చెప్పాలి. బియ్యంలో బోరిక్ పౌడర్ కలిపేవాళ్లున్నారు, వద్దు. ఇంకా ఘోరం, పురుగు మందుల కొట్లో దొరికే గోడౌన్ బిళ్లలు ఇంట్లో బియ్యం డ్రమ్ములో వేయడం. తేమ తగిలితే అవి వదిలే ఫాస్ఫీన్ వాయువు తలుపులు మూసిన ఇంట్లో మనుషుల ప్రాణాలే తీస్తుంది. రెండు కిలోల రవ్వ పోతే పోయింది.

ప్రశ్న: బీఎస్సీ చదువుతున్నాను. ప్రాజెక్టు కోసం ఒక కీటకం జీవితచక్రం దగ్గరుండి చూడాలి. సీతాకోకచిలుకలు పెంచుదామంటే హాస్టల్లో మొక్కలు పెట్టనివ్వరు. ఏదైనా తేలికైనది చెప్పండి. – ఒక విద్యార్థిని, బ్రాడీపేట, గుంటూరు

జవాబు: పైన చెప్పినదే పెంచమ్మా. మొక్కలక్కర్లేదు, నీళ్లు పెట్టక్కర్లేదు, రోజూ తిండి మార్చక్కర్లేదు. నా రాతబల్ల మీద ఇప్పటికీ ఒక హార్లిక్స్ సీసా ఉంటుంది, సగానికి జొన్న రవ్వ, మూతికి పాత వాయిల్ చీర ముక్క, రబ్బరు బ్యాండ్. మా కోడలు ఆ సీసా తప్ప బల్లంతా తుడుస్తుంది.

జొన్నల్ని కచ్చాపచ్చాగా మర పట్టించు. ముందు వేడి చేసి చల్లార్చు, లేకపోతే అందులో ఇదివరకే ఉన్న పెంకు పురుగులు నీ ప్రాజెక్టుని తినేస్తాయి. చారెడు వేరుశనగ పొడి కలిపితే పురుగులు బాగా ఒళ్లు చేస్తాయి. గుడ్లు కావాలంటే రెక్కల పురుగులు కొన్నిటిని వల కట్టిన సీసాలో వేసి, రాత్రికి నల్ల కాగితం మీద బోర్లించు. పొద్దున్న కాగితం మీద తెల్లగా కనిపిస్తాయి. గుడ్లు ఒకేచోట కుప్పగా వదిలేయకు, ముందు పొదిగిన పురుగు పక్కన పొదగని గుడ్డుని తినేస్తుంది. సీసా విప్పేటప్పుడు మాస్కు పెట్టుకో. ఆ పొలుసుల పొడి ముక్కులోకి పోతే తుమ్ములు, ఉబ్బసం ఉన్నవాళ్లకి ఇంకా ఇబ్బంది. మీ రూంమేట్‌ని ముందే అడుగు.

ఒక రోజు సీసాలో పురుగులు కదలకుండా పడి ఉండి, నల్లటి చీమ సైజు కందిరీగలు తిరుగుతుంటే కంగారుపడకు. అది బ్రాకాన్ అనే పరాన్నజీవి. పురుగుని కుట్టి పడగొట్టి దాని ఒంటి మీద గుడ్లు పెడుతుంది. నిజం చెప్పాలంటే నీ ప్రాజెక్టుకి అసలుదానికన్నా అదే మంచి ఫొటోలిస్తుంది.

ప్రశ్న: అమ్మా, వరిలో కాండం తొలుచు పురుగుకి ట్రైకో కార్డులు కట్టమన్నారు. అట్టముక్క మీద నల్లగా సన్న చుక్కలున్నాయి. డిగ్రీ చదివే మా అబ్బాయి అవి బియ్యం పురుగు గుడ్లంటున్నాడు. పురుగు పోవడానికి పురుగు గుడ్లు తెచ్చి చేలో కట్టడమేంటి? – ఒక రైతు, తెనాలి దగ్గర

జవాబు: మీ అబ్బాయి చెప్పింది నిజమే, కానీ సగం. అవి సత్యనారాయణపురం అమ్మాయి రవ్వలో పడ్డ పురుగు గుడ్లే. ఇప్పుడు వాటి లోపల ఉన్నది మాత్రం ఆ పురుగు కాదు.

ట్రైకోగ్రామా అని ఒక కందిరీగ జాతి ఉంది. ఒక మిల్లీమీటరు కూడా ఉండదు. అది తన గుడ్డుని రెక్కల పురుగుల గుడ్డు లోపల పెడుతుంది. దాని పిల్ల ఆ గుడ్డులోని సొన తిని పెరిగి, పెంకుకి చిల్లు పెట్టుకుని కందిరీగగా బయటికొస్తుంది. పురుగు పుట్టకముందే గుడ్డులోనే పోతుందన్నమాట. వరికి జపానికమ్ అనే రకం వాడతారు, చెరకుకీ పత్తికీ కైలోనిస్ అనే రకం.

ఈ కందిరీగల్ని వేలూ లక్షలూ పెంచాలంటే వాటికి వేలూ లక్షలూ గుడ్లు కావాలి. కాండం తొలుచు పురుగుని పెంచాలంటే పచ్చి వరి కావాలి, బోలెడు తంటా. కోర్సైరాకి చితికిన జొన్నలో సజ్జలో చాలు. అందుకే ల్యాబుల్లో బేసిన్లు బేసిన్లుగా దీన్ని పెంచి, గుడ్లు పోగు చేసి, జల్లించి పొలుసులు తీసేసి, అట్ట మీద జిగురు రాసి చల్లుతారు. ఒక కార్డు మీద సుమారు 18 నుంచి 20 వేల గుడ్లు. తర్వాత అతినీలలోహిత దీపం కింద పెడతారు. దాంతో లోపలి పిండం చచ్చిపోతుంది, గుడ్డు మాత్రం తాజాగా ఉంటుంది. అప్పుడు కందిరీగల్ని వదులుతారు. అవి గుడ్లు పెట్టిన మూడు నాలుగు రోజులకి తెల్ల గుడ్డు నల్లబడుతుంది. మీ కార్డు మీది నలుపు అదే. తెల్లగా మిగిలినవి ఉన్నా అవి పొదగవు. ఒకవేళ ఏ ఒక్కటో పొదిగినా పచ్చి వరి దానికి తిండి కాదు.

కార్డు నల్లగా ఉందంటే రెండు మూడు రోజుల్లో కందిరీగలు బయటపడతాయి, ఇంట్లో దాచకండి. ముక్కలుగా కత్తిరించి, సాయంత్రం పూట, ఆకు అడుగు వైపు స్టేప్లర్‌తో కొట్టండి. ఎండా వానా నేరుగా తగలకూడదు. దానికి ముందూ వెనకా పురుగు మందు కొడితే మొదట చచ్చేది ఈ కందిరీగలే, అప్పుడు కార్డు డబ్బులు కాలవలో పోసినట్టే. కాండం తొలుచు రెక్కల పురుగు ఆడది పసుపు పచ్చగా, ముందు రెక్కకి ఒక్కో నల్ల చుక్కతో ఉంటుంది. ఆకు చివర గుడ్లు పెట్టి గోధుమ రంగు నూగుతో కప్పుతుంది. చేలో ఆ పురుగులు కనిపించడం మొదలైనప్పుడే కార్డులు కట్టాలి, తెల్లకంకులు వచ్చాక కాదు. ఎకరానికి ఎన్ని, ఎన్ని దఫాలు అన్నది మీ రైతు సేవా కేంద్రంలో అడగండి. గుంటూరు వైపు వస్తే లాం పరిశోధన కేంద్రంలోనూ చెబుతారు.

ప్రశ్న: మా కింది గది గోడల మీద బూడిద రంగులో చదునుగా, గుమ్మడి గింజల్లాంటివి వేలాడుతున్నాయి. చూస్తూ ఉంటే కదులుతున్నాయి! 2024 బుడమేరు వరదలో ఈ గది మునిగింది. అప్పట్నుంచి గోడలు పూర్తిగా ఆరలేదు. వరదతో వచ్చిన పురుగా? పిల్లలు నేల మీద పడుకుంటారు, చెవిలో దూరుతుందా? – ఒక పాఠకుడు, సింగ్‌నగర్, విజయవాడ

జవాబు: వరద తెచ్చింది కాదు, గోడ తేమ ఉంచింది. ఇది కూడా ఒక చిన్న రెక్కల పురుగు పిల్లే, ఫెరియోకా అంటారు. తన పట్టుదారంతో సంచి అల్లుకుని, దాని మీద గోడ సున్నం, ఇసుక, దుమ్ము అంటించుకుంటుంది. సంచి ఒక సెంటీమీటరు పొడవు, నడుమ వెడల్పు, రెండు కొసలా చీలిక. దేన్నైనా గోరుతో తీసి అరచేతిలో పెట్టుకుని కదలకుండా చూడండి. కాసేపటికి ఒక కొసలోంచి గోధుమ రంగు తల, మూడు జతల కాళ్లు బయటికొస్తాయి, సంచిని ఈడ్చుకుంటూ నడుస్తుంది. దారికి వేలు అడ్డం పెడితే చటుక్కున లోపలికి పోయి, లోపలే వెనక్కి తిరిగి రెండో కొసలోంచి తల పెడుతుంది! నడుమ వెడల్పు ఉన్నది ఆ తిరగడానికే.

తిండి ఏమిటంటే పాత బూజు, చచ్చిన ఈగలూ చీమలూ, రాలిన వెంట్రుకలు, ఉన్ని. పురుగుగా ఏడు వారాలు, ఆ సంచిలోనే ప్యూపాగా ఓ రెండు వారాలు, మొత్తం రెండున్నర నెలల్లో సెంటీమీటరు వెడల్పు రెక్కలతో బూడిద రంగు పురుగై ఎగిరిపోతుంది. అదీ ఏమీ తినదు. చెవిలో దూరడం, కుట్టడం దాని పని కాదు, పిల్లల గురించి భయపడకండి.

మందు కొట్టకండి, దండగ. పండక్కి పండక్కి కాకుండా పదిహేను రోజులకోసారి బూజు దులపండి, మంచాల కింద, ఫ్యాను రెక్కల మీద కూడా. సంచుల్ని ఊడ్చి సబ్బునీళ్లలో వేయండి. పగలు కిటికీలు తీసి ఫ్యాను వేసి గోడ ఆరనివ్వండి. గోడ ఆరకుండా పైన రంగులు వేయించవద్దు, తేమ లోపలే ఉండిపోతుంది. ఇంట్లో సన్మానాల శాలువాలు ఉంటే ఓసారి విప్పి దులపండి. మా బీరువాలో ఉన్నవాటిని అవి నాకన్నా ఎక్కువ వాడాయి.

ప్రశ్న: ఏడాదికి సరిపడా ఎండుమిర్చి కొని పెట్టాం. కాయలకి గుండుసూది దూరేంత చిల్లులు, కింద పొడి. ఇదీ రెక్కల పురుగేనా? – గుంటూరు నుంచి ఒకరు

జవాబు: కాదండీ. అంత గుండ్రటి చిల్లు పెట్టేది సిగరెట్ బీటిల్ అనే చిన్న గోధుమ రంగు పెంకు పురుగు. పొగాకుకి పట్టేదీ అదే, మన గుంటూరుకి మిర్చీ పొగాకూ రెండూ దగ్గరివే కాబట్టి దానికి ఇక్కడ కరువు లేదు. మళ్లీ ఎండబెట్టి, వేడి చల్లారాక గాలి చొరని డబ్బాకెత్తండి. చోటుంటే ఫ్రిజ్‌లో పెట్టండి. చిల్లులు పడిన కాయల్ని ఏరేసి మిగతావి కారం పట్టించుకోండి, ఏడాది ఆగకండి.